జిల్లేడు చుట్టం... కిటికీలో మైనం పువ్వు!

మైనంతో పోత పోసినట్టుండే బుల్లి బుల్లి చుక్కల పూలు. పదీ ఇరవై కలిసి ఒకే గుత్తి. పొద్దుగూకితే చాలు, గదంతా పరిమళం. హోయా అనే ఈ తీగ సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఎండలకు ఆగుతుందా అన్నది చాలామంది సందేహం. ఆగుతుంది. మన ఇళ్లలో దాని ప్రాణం తీస్తున్నది ఎండ కాదు... చెంబూ, కత్తెరా!

కథ చాలా ఇళ్లలో ఒకేలా మొదలవుతుంది. హైదరాబాద్-విజయవాడ రహదారి మీద వెళ్తూ ఏ నర్సరీ దగ్గరో కారు ఆపుతారు. కడియం నుంచి లారీలో దిగిన మొక్కల మధ్య, పైన వేలాడదీసిన చిన్న కుండీలో దళసరి ఆకుల తీగ ఒకటి కనిపిస్తుంది. ఆకు మధ్యలో ఆకుపచ్చ, అంచున మీగడ తెలుపు, లేత చిగురేమో గులాబీ రంగు. 'పూస్తుందా బాబూ?' అంటే, 'ఎందుకు పూయదమ్మా, గుత్తులు గుత్తులు పూస్తుంది' అన్న భరోసా. ఇంకేం, ఇంటికొస్తుంది.

పొద్దున్నే తులసికి నీళ్లు పోస్తూ దీనికీ ఓ చెంబెడు. మూణ్నెల్లు బాగానే ఉంటుంది. తర్వాత ఆకులు ఒక్కొక్కటే పసుపుబారి రాలడం మొదలుపెడతాయి. నీళ్లు చాలట్లేదేమోనని ఇంకో చెంబు. చివరికి మొదలు నల్లబడి, పట్టుకుంటే ఊడి చేతికొస్తుంది. 'మన ఎండలకు ఆగే మొక్క కాదులే' అన్న తీర్పుతో కుండీ ఖాళీ అవుతుంది.

ఆ తీర్పు తప్పు. మన చేతులు పని నేర్చుకున్నది తులసి దగ్గరా, మల్లె దగ్గరా. తులసికి ఇంచుమించు రోజూ నీళ్లు కావాలి. మల్లెకు ఆకు దూసి, కొమ్మలు కత్తిరిస్తే గానీ మొగ్గలు విరగబడి రావు. రెండూ మంచి అలవాట్లే. హోయా దగ్గరకొచ్చేసరికి మాత్రం రెండూ తిరగబడతాయి. ఎందుకో తెలియాలంటే ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు తెలియాలి.

పత్రిలో బంధువులు

హోయాకు తెలుగులో స్థిరపడిన పేరంటూ లేదు. నర్సరీల్లో 'హోయా' అనో, 'వ్యాక్స్ ప్లాంట్' అనో అడగాల్సిందే. చుట్టాలకు మాత్రం పేర్లకు కొదవలేదు. జిల్లేడు, గన్నేరు, నందివర్ధనం, బిళ్లగన్నేరు, సుగంధిపాల... అన్నీ దాని కుటుంబమే. వినాయకచవితినాడు పూజించే 21 పత్రాల్లో అర్కపత్రం అంటే జిల్లేడాకు, కరవీరపత్రం అంటే గన్నేరాకు. అంటే కిటికీలోని ఈ కొత్త మొక్క బంధువులు ఏటా మన పీట మీదికి వస్తూనే ఉన్నారన్నమాట!

నమ్మకం కుదరకపోతే రోడ్డు పక్క జిల్లేడు పువ్వునొకదాన్ని దగ్గరగా చూడండి. అయిదు రేకులు, మధ్యలో చెక్కినట్టుండే చిన్న కిరీటం. హోయా పువ్వూ అంతే. కింద ఒక నక్షత్రం, దాని మీద ఇంకో బుల్లి నక్షత్రం. పుప్పొడి కూడా మందారంలోలా పొడిగా రాలదు. మైనంలాంటి చిన్న పొట్లాలుగా కట్టి ఉంటుంది. తేనె కోసం వాలిన పురుగు కాలికి ఆ పొట్లం తగులుకుని ఇంకో పువ్వుకు చేరుతుంది. ఆకు తుంచితే రెండింటికీ పాలు కారతాయి. కాకపోతే జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం, గన్నేరు నిలువెల్లా విషం. వాటితో పోలిస్తే హోయా సాధువు. పిల్లులు, కుక్కలు కొరికినా విషం కాదని చెబుతారు. అయినా కత్తిరించిన చేతులు కడుక్కోవడం మేలు. కొందరి చర్మానికి ఆ పాలు పడవు.

ఈ మొక్కకు 1810లో హోయా అని పేరు పెట్టింది స్కాట్లండ్ వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్. లండన్ శివార్లలోని సియాన్ హౌస్‌లో నార్తంబర్లాండ్ ప్రభువు తోటమాలిగా ఉన్న థామస్ హోయ్ గౌరవార్థం ఆ పేరు. ప్రభువు పేరు కాకుండా మాలి పేరు పెట్టడం విశేషమే! ఈ బ్రౌన్ ఎవరో కాదు, స్కూలు పిల్లల సైన్సు పుస్తకంలో కణ కేంద్రకానికి పేరు పెట్టినాయనగా కనిపించే బ్రౌనే. 1831లో ఆయన కేంద్రకం గురించి చెప్పింది ఆర్కిడ్లూ, జిల్లేడు జాతి పూలలో ఫలదీకరణం ఎలా జరుగుతుందో పరిశోధిస్తూనే.

ఇక అసలు సంగతి. జిల్లేడు బీడుభూముల్లో నేలలోకి వేళ్లు దించి బతుకుతుంది. హోయా అలా కాదు. ఆసియా తేమ అడవుల్లో చెట్ల కొమ్మలనూ రాళ్లనూ పట్టుకుని పాకే తీగ. రకాలు 500కు పైనే. నర్సరీల్లో ఎక్కువగా కనిపించే కార్నోసా దక్షిణ చైనా, తైవాన్ ప్రాంతాలది. మన పడమటి కనుమల్లోనూ కొన్ని రకాలున్నాయి. చెట్టు మీద పెరిగినా చెట్టు రసం తాగదు. బెరడు సందుల్లో చేరిన ఆకుల చెత్తలో వేళ్లు పెట్టుకుంటుంది. వాన పడుతుంది, తడుస్తుంది, గంటలో కారిపోతుంది, గాలికి ఆరిపోతుంది. మళ్లీ వాన పడేదాకా దళసరి ఆకుల్లో దాచుకున్న నీళ్లతో కాలక్షేపం చేస్తుంది. కార్నోసాకు ఇంకో ఉపాయం కూడా తెలుసు. ఆకుల మీది సూక్ష్మరంధ్రాలను పగలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి పీల్చుకుంటుంది. కలబంద, అనాస చేసే పనే. అలాంటిదాన్ని బంకమట్టి నింపిన కుండీలో పెట్టి రోజూ నీళ్లు పోస్తే... ఊపిరాడక వేళ్లు కుళ్లిపోతాయి.

మట్టి కాదు... ఊక, పీచు!

కాబట్టి మొదట మార్చాల్సింది మట్టిని. ఈ విషయంలో మిర్యాలగూడవాళ్లు అదృష్టవంతులు. సాగర్ ఎడమ కాల్వ కింద పండే వరి, దాని చుట్టూ అల్లుకున్న రైసు మిల్లులు, వాటి నుంచి వచ్చే ఊక. డాబాల మీద పడే మిల్లు బూడిదను తిట్టుకునేవారే గానీ, కాలిన ఊక కుండీలకు ఎంత మంచిదో పట్టించుకునేవారు తక్కువ. నల్లగా, ఊక ఆకారం చెడకుండా కాలినది కావాలి. అది తేలిక. నీళ్లు నిలవనివ్వదు, వేళ్లకు గాలి ఆడనిస్తుంది. బాగా కాలి తెల్లబడిన బూడిద మాత్రం వద్దు. అందులో క్షారం ఎక్కువ. నల్లదాన్ని కూడా బకెట్లో నానబెట్టి రెండుసార్లు కడిగి వాడాలి.

రెండు పాళ్లు కొబ్బరిపీచు లేదా కొబ్బరి డొప్ప ముక్కలు, ఒక పాలు కాలిన ఊక, ఒక పాలు వర్మీకంపోస్టు, గుప్పెడు బొగ్గు ముక్కలు. అడుగున రెండు పెంకులు. అంతే. చేత్తో పిండి వదిలితే ముద్దకట్టకుండా విడిపోవాలి. కొబ్బరిపీచులోనూ ఉప్పు ఉంటుంది గనక దాన్నీ కడగాల్సిందే.

కుండీ చిన్నదిగా ఉండాలి. తీగ రెండు గజాలు పాకినా ఆరంగుళాల కుండీ చాలు. 'పాపం, ఇరుకైపోయింది' అని పెద్ద కుండీలోకి మార్చడం చాలామంది చేసే పొరపాటు. వేళ్లు కుండీని పట్టి నిండితేనే ఇది పూతకు వస్తుంది. పెద్ద కుండీలో వేళ్లు అందుకోలేని మూలల్లో తడి నిలిచి కుళ్లు మొదలవుతుంది. మట్టి కుండీ అయితే చెమ్మ త్వరగా ఆరుతుంది. నీళ్లు ఎక్కువ పోసే అలవాటు మానలేనివారికి అదే రక్ష!

నీళ్లకు క్యాలెండర్ లేదు

వారానికెన్నిసార్లు పోయాలి? అందరూ అడిగే ప్రశ్న ఇదే. దీనికి సరైన జవాబు కుండీని చేత్తో ఎత్తి చూడటమే. నీళ్లు పోసిన రోజు బరువెంతో, ఆరాక ఎంతో రెండుమూడుసార్లు ఎత్తి చూస్తే చెయ్యే చెబుతుంది. ఇంకో గుర్తు ముదురాకు. వంచబోతే గట్టిగా ఎదురు తిరిగితే కడుపునిండా నీళ్లున్నట్టు. మెత్తగా చపాతీలా వంగిందంటే దాహమేసినట్టు. అప్పుడు అడుగు రంధ్రాల్లోంచి కారేదాకా నిండుగా పోసి, కింది పళ్లెంలో చేరిన నీళ్లను పారబోసి, మళ్లీ ఆరేదాకా ఆ వైపు వెళ్లకూడదు. వానాకాలంలో ఎనిమిది, పది రోజులు కూడా పట్టొచ్చు. చలికాలంలో ఇంకా ఆలస్యం.

తికమక పడేది ఎండాకాలంలో. ఏప్రిల్, మే నెలల్లో ఈ మూడు ఊళ్లలోనూ ఎండ నలభై దాటి పోతుంది. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, ఇక మొక్కలెంత? అనుకుని గంగాళాలు కుమ్మరిస్తారు. నిజానికి అంత వేడిలో హోయా ఎదుగుదల ఆపేసి కూర్చుంటుంది. వేడికి కుండీ త్వరగా ఆరుతుంది గనక నాలుగైదు రోజులకోసారి చూసుకోవాలి, నిజమే. ఆరకుండానే పోయడం మాత్రం తప్పు. వేడి, తడి కలిస్తే కుళ్లుకు పండగే. పోసేదేదో తెల్లవారుజామున పోయాలి.

ఏ నీళ్లు అన్నది ఇంకో ప్రశ్న. ఉమ్మడి నల్గొండ అనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. స్పైడర్ ప్లాంట్, డ్రసీనాల ఆకుల కొనలు మాడిపోవడానికి నీళ్లలోని ఫ్లోరైడ్ ఒక కారణం. హోయాకు అంతకన్నా పెద్ద బెడద బోరు నీళ్లలోని లవణాలు. ఏడాది తిరిగేసరికి కుండీ అంచున తెల్లగా పేరుకుంటాయి. కొత్త వేళ్లను ఎదగనివ్వవు. ఆర్వో యంత్రం పారబోసే నీళ్లను మొక్కలకు పోస్తే పొదుపే గానీ, వదిలేసిన లవణాలన్నీ ఉండేది వాటిలోనే. బాత్రూం కడగడానికి వాడుకోవచ్చు, హోయాకు వద్దు. కృష్ణా నీళ్లు వచ్చే నల్లా ఉంటే ఆ నీళ్లను ఒక రాత్రి బకెట్లో ఉంచి పోస్తే చాలు. వాన నీళ్లయితే మరీ మంచిది. ఏసీ గొట్టంలోంచి కారే నీళ్లలోనూ లవణాలుండవు. బియ్యం కడిగిన నీళ్ల మీద మనవాళ్లకు మమకారం ఎక్కువ. పీచు నిండిన కుండీలో అవి పులిసి, సన్నదోమలు ముసురుతాయి. కూరగాయల మడికి పోస్తే సరి.

ఎరువు సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. రైతులు పంటల మీద పిచికారీ చేసే 19-19-19ను లీటరు నీటికి ఒక గ్రాము కలిపి, జూన్ నుంచి అక్టోబరు దాకా నెలకు రెండుసార్లు. మండు వేసవిలోనూ చలిలోనూ ఏమీ అక్కర్లేదు. యూరియా, డీఏపీ గుళికలు కుండీలో వేయనే వద్దు.

ఉత్తరం కిటికీ కూడా పనికొస్తుంది

నీడలో పెంచే మొక్క కదా అని హాల్లో టీవీ పక్క మూలన పెడితే చావదు, పూయదు. లైటు వేయకుండా పేపరు హాయిగా చదువుకోగలిగినంత వెలుగు రోజంతా ఉండాలి. పొద్దుటెండ ఓ గంటా రెండు గంటలు పడే తూర్పు కిటికీ అన్నిటికన్నా మేలు. పడమటెండ మాత్రం ఆకులను మాడ్చేస్తుంది. పడమర తప్ప దిక్కు లేనివారు పల్చని తెర కట్టుకోవాలి, కుండీని వేడెక్కే ఇనుప గ్రిల్‌కు ఆనకుండా జరపాలి.

ఉత్తరం కిటికీకి ఎండే రాదనుకుంటాం గానీ, మన అక్షాంశంలో అది పూర్తిగా నిజం కాదు. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా సూర్యుడు మిట్టమధ్యాహ్నం కూడా మన నడినెత్తికి కాస్త ఉత్తరానే ఉంటాడు. ఆ రోజుల్లో ఉత్తరం కిటికీలోకి పొద్దున, సాయంత్రం ఏటవాలు ఎండ వస్తుంది. దక్షిణం వైపేమో చలికాలంలో ఎండ గదిలోకంటా వచ్చేస్తుంది. ఏ కిటికీలో ఏ నెలలో ఎండ ఎంత లోపలికి వస్తోందో ఒక ఏడాది గమనించిన ఇల్లాలికి ఏ పుస్తకమూ అక్కర్లేదు.

సాగర్ ఆయకట్టులో వరి నీళ్లున్నన్నాళ్లూ గాలిలో కాస్త చెమ్మ ఉంటుంది. యాసంగి కోతలయ్యాక వడగాలి మొదలైతే మిర్యాలగూడకూ సూర్యాపేటకూ తేడా ఉండదు. అప్పుడు ఆదుకునేది ఇంట్లోని కూలరే. నేరుగా గాలి కొట్టకుండా, అదే గదిలో నాలుగడుగుల దూరాన వేలాడదీస్తే మనకూ చల్లన, తీగకూ చెమ్మ. రహదారి పక్క ఇళ్లలో ఆకుల మీద దుమ్ము పేరుకుంటుంది. పదిహేను రోజులకోసారి తడిగుడ్డతో తుడవాలి. మెరుస్తాయని కొబ్బరినూనె రాసేవారున్నారు. రంధ్రాలు మూసుకుపోతాయి, వద్దు.

ఆ బోడికాడను కోయొద్దు!

అన్నీ సవ్యంగా ఉన్నా పువ్వు చూడటానికి రెండు, మూడేళ్లు పట్టడం మామూలే. ఆలోగా ఆకుల్లేని పొడవాటి తీగలు బోసిగా సాగుతాయి. ఎండిపోయాయని కత్తిరించేస్తుంటారు. అవి పట్టు వెతుక్కుంటున్న తీగలు. ఏ తాడుకో చుడితే ఆకులు తర్వాత వస్తాయి.

ఆకు మొదట్లోంచి సన్నని కాడ ఒకటి వచ్చి, దాని చివర గొడుగు విప్పినట్టు చిన్న చిన్న మొగ్గలు కనిపిస్తే... ఇక కుండీని కదిలించకూడదు. ఫొటో తీద్దామని బయటికి తెచ్చి మళ్లీ లోపల పెట్టినా, ఆ సమయంలో బాగా ఎండబెట్టినా మొగ్గలు మొత్తంగా రాలిపోతాయి. మూడేళ్ల ఎదురుచూపు ఒక్క పూటలో నేలపాలు. ఎండకు చోటు మార్చాలనుకుంటే అది మొగ్గకు ముందే, మార్చిలో చేసుకోవాలి.

విచ్చుకున్నాక వారం, పది రోజుల దాకా గుత్తి నిలుస్తుంది. రాత్రిపూట వాసన ఎక్కువ. ఘాటు పడనివారు పడగ్గదిలో కాకుండా హాల్లో పెట్టుకోవాలి. పూల నుంచి తేనె చుక్కలు రాలి గచ్చు జిగటగా అవుతుంది, చీమలు వస్తాయి. కింద ఓ పాత పేపరు పరిస్తే పోతుంది.

అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. మన ఇళ్లలో పువ్వు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. దేవుడికో, జడలోకో... గుత్తిని కాడతో సహా తుంచేస్తాం. పూలు రాలిపోయినా, 'ఎండుకాడ ఎందుకు' అని కత్తెర పెడతాం. హోయాలో చాలా రకాలు మళ్లీ పూసేది ఆ పాత కాడ మీదే! పూలు రాలాక మిగిలే ఆ అంగుళం బోడికాడ ఎండిపోయినట్టు కనిపించినా బతికే ఉంటుంది. వచ్చే పూత దాని కొనలోంచే. ఏళ్ల తరబడి ఒకే కాడ మళ్లీమళ్లీ పూస్తూ కొద్దికొద్దిగా పొడవు పెరుగుతుంది. దాన్ని కోయడమంటే మల్లె కొమ్మ కత్తిరించడం కాదు, మల్లె పొదనే పీకేయడం. దేవుడికి పెట్టాలనిపిస్తే విడిపూలు ఒక్కొక్కటిగా తీసి పెట్టుకోవచ్చు. కాడను మాత్రం తీగకే వదిలేయాలి.

కొనేటప్పుడు

రకాన్ని బట్టి కూడా ఉంటుంది. రంగు ఆకుల కార్నోసాలు చూడముచ్చటగా ఉంటాయి గానీ నెమ్మదిగా పెరుగుతాయి. ఆకులు ముడతలుపడి తాడు పేనినట్టుండే కాంపాక్టా అయితే మరీ నిదానం. మొదటిసారి పెంచేవారికి ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన పుబికాలిక్స్ నయం. వేడిని తట్టుకుంటుంది, తీగ చురుగ్గా సాగుతుంది.

హృదయం ఆకారంలో ఒకే ఒక్క దళసరి ఆకును బుల్లి కుండీలో గుచ్చి, ప్రేమికుల రోజు కానుకగా అమ్ముతుంటారు. అది హోయా కెర్రీ. ఆకుతో పాటు కాండం కణుపు ముక్క లేకపోతే, వేళ్లు పోసుకుని ఏళ్లపాటు పచ్చగా ఉంటుందే తప్ప తీగ రాదు. నీళ్లు పోసి, ఎరువు వేసి, చిగురు కోసం కళ్లు కాయలు కాచేలా చూసేవారు ఎందరో! తీగ కావాలంటే కనీసం రెండు కణుపులున్న మొక్కనే అడగాలి.

గాలిని శుభ్రం చేస్తుందన్న ప్రచారం కూడా ఉంది. 2009లో అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయంవారు 28 మొక్కలను గాజు సీసాల్లో మూసి పరీక్షిస్తే, విషవాయువులను బాగా పీల్చినవాటిలో కార్నోసా ఒకటి. నిజమే. ఇల్లు గాజు సీసా కాదు కదా! పాత ప్రయోగాలన్నిటినీ లెక్కగట్టిన 2019 నాటి సమీక్ష ప్రకారం, మామూలు గాలి మార్పిడితో సమానమైన ఫలితం రావాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి మొక్కలుండాలి. దానికన్నా కిటికీ తెరవడం సులువు. హోయాను పువ్వు కోసం పెంచుకుంటే చాలు.

జిల్లేడు మీది పురుగే

చుట్టరికం ఉన్నచోట తగవులూ ఉంటాయి. జిల్లేడు, గన్నేరు కొనల్లో పసుపు రంగులో గుంపుగా పట్టే పేనుబంకను చూసే ఉంటారు. హోయా లేత చిగుళ్లన్నా, మొగ్గలన్నా దానికి ప్రాణం. కిటికీ పక్కన గన్నేరు ఉంటే వారానికోసారి మొగ్గలను తిప్పి చూడాలి. తీగ మీద చీమల బారు కనిపిస్తే పేనుబంకో, పిండినల్లో చేరినట్టే. పత్తి రైతుల ఇళ్లలో పిండినల్లి గురించి చెప్పక్కర్లేదు. ఆకు మొదళ్లలో దూదిలా కనిపిస్తుంది. స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచేయాలి. లీటరు నీటిలో ఒక చెంచా వేపనూనె, నాలుగు చుక్కలు సబ్బు ద్రావణం కలిపి సాయంత్రంపూట చల్లినా పోతాయి. ఎండలో చల్లితే ఆకులు కమిలిపోతాయి.

తొలకరి పడి గాలి మెత్తబడ్డాక కొమ్మ నాటుకోవచ్చు. రెండు మూడు కణుపులున్న ముక్కను కోసి, పాలు కారడం ఆగేదాకా నీడన ఉంచి, ఒక కణుపు మునిగేలా తడి కొబ్బరిపీచులో గుచ్చాలి. నెల, నెలన్నరలో వేళ్లు వస్తాయి. కోదాడ అక్కయ్య దగ్గర ఒక తీగ ఉంటే, మిర్యాలగూడ చెల్లెలు నర్సరీకి వెళ్లక్కర్లేదు. అయితే ఆ ముక్కను బోడికాడ లేని చోట చూసి కోయమని అక్కయ్యకు ముందే చెప్పాలి!

ఇక వేసవి సెలవులు. పిల్లలతో అమ్మమ్మగారింటికి పది రోజులు వెళ్లాలి, హోయా సంగతేమిటి? బయల్దేరే ముందురోజు సాయంత్రం కుండీని నిండుగా తడిపి, నీళ్లన్నీ కారిపోనిచ్చి, పడమటెండ తగలని గదిలో తలుపు దగ్గరగా వేసి వెళ్తే చాలు. వచ్చేసరికి ఆకులు కాస్త మెత్తబడి ఉంటాయి, నీళ్లు తాగి రెండు రోజుల్లో తేరుకుంటాయి. మొగ్గలుంటే మాత్రం పక్కింటి పిన్నిగారికి తాళం ఇవ్వాలి. ఇచ్చేటప్పుడే చెప్పాలి... అయిదో రోజున ఒక్కసారి, కుండీ తేలిగ్గా ఉంటేనే, రెండు గ్లాసులు. ఆవిడ తులసికి రోజూ నీళ్లు పోసే మనిషి మరి!